గొడుగుకు రాసిన ఉత్తరం

జూన్ 3, సోమవారం

మళ్ళీ మార్చారు. ఈ ఏడాదిలో రేట్లు మార్చడం ఇది నాలుగోసారి. నాకింకా రెండోసారి మార్చిందే అర్థం కాలేదు.

మొదట ఆ ఫోను ఆటకి మేం రాసే కథలకి మాటకింత అన్నారు. అందరం మాటలు సాగదీశాం. ఒకావిడైతే 'అతడు తలుపు తీశాడు' అనడానికి అరపేజీ తీసుకుంది. దాంతో మాటల లెక్క ఎత్తేసి, చదివినవాళ్ళు కన్నీటి బొమ్మ నొక్కితే ఇంత అన్నారు. అందరం ఏడిపించాం. ఆ రెండు నెలల్లో ఆ ఆటలో మా చేతిలో చావని కుక్క లేదు. ఇప్పుడు కన్నీళ్ళూ వద్దట, మనిషి తిరిగొస్తేనే డబ్బులట.

మీటరు ఫోన్ చేసి అరగంట వివరించాడు. మాకు పని పంచే ఈ మహానుభావుడి నోట అంకెలు తప్ప రావు కాబట్టి ఉత్తరాల వాళ్ళం అందరం అతన్ని మీటరు అంటాం. అతనికీ తెలుసు, పైగా సంతోషం.

"చాలా సింపుల్ మేడమ్. నలభై రోజులుగా ఆటలోకి రాని మనిషికి మన గుడారం తరఫున మీరొక పిలుపు ఉత్తరం రాస్తారు. ఉత్తరానికి కొంచెం. తెరిచి చదివితే ఇంకొంచెం. వారంలోపు ఆ మనిషి తిరిగొస్తే దానికి పదింతలు. వచ్చినవాడు ముప్పై రోజులు, రోజుకి కనీసం గంట, ఒక్క రోజు కూడా మానకుండా ఆడితే నిలకడ బోనస్."

"అదెంత?"

చెప్పాడు. మూడు నెలల ఇంటద్దె.

"మధ్యలో ఒక్క రోజు మానేస్తే?"

"సున్నా."

"వాడెవడో మానేస్తే నా తప్పేంటి బాబూ?"

"తప్పు అనట్లేదు మేడమ్. ఇన్సెంటివ్ అంటున్నాను."

భోజనాల దగ్గర తమ్ముడికి ఇదంతా యాక్షన్ చేసి చూపించాను. వాడికి పొలమారేంత నవ్వొచ్చింది. "అంటే నాలాంటి వాళ్ళ మీద బతుకుతున్నావన్నమాట" అన్నాడు. నోర్ముయ్ అన్నాను.

వాడు ఆ ఆట మానేసి ఇవాళ్టికి ముప్పై మూడు రోజులు. మూడేళ్ళు అందులోనే పడి ఉన్నాడు. ఉద్యోగం పోయింది, స్నేహితులు పోయారు, ఒక దశలో స్నానం కూడా పోయింది. మేము రాసే ఈ గుడారం కూడా ఆ ఆట వాళ్ళు ఆన్‌లైన్‌లో కూడే చోటే. పిల్లల పత్రిక మూతపడి నేను గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటే, "మా గుడారంలో రాసేవాళ్ళు కావాలట అక్కా" అని చూపించింది వాడే. ఆటలో వాడి పేరేమిటో మాత్రం నాకు తెలియదు. అడిగితే, అక్కలకి చెప్పకూడని పేర్లుంటాయి అనేవాడు.

జూన్ 5, బుధవారం

బుడ్డోడు నాకు కళ్ళజోడు తెచ్చాడు! ఇరవయ్యారేళ్ళొచ్చినా నాకు బుడ్డోడే. అద్దాలు వాడే అరగదీశాడట, వాడే ఫ్రేములో బిగించాడట. కళ్ళజోళ్ళ షాపులో చేరాక మొదటి నుంచి చివరిదాకా ఒంటరిగా చేసిన మొదటి జత. నేను పెట్టుకునే దాకా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, చెప్పులు కూడా విప్పలేదు.

"ఎలా ఉంది?"

"అద్భుతంరా. గోడ మీద పగుళ్ళు కూడా కనిపిస్తున్నాయి."

వాడి మొహం చూడాలి. అమ్మ పోయాక ఆ మొహంలో అంత వెలుగు నేను చూడలేదు. షాపాయన 'చెయ్యి బాగుంది, నిలకడ చూడాలి' అన్నాడట. జూలై ఆఖరుకి మూడు నెలలూ పూర్తయితే ఖాయం చేస్తాడు. అదొక్కటి అయితే చాలు. నాకు ఇంకేం అక్కర్లేదు.

కొంచెం తలనొప్పి. కొత్త అద్దాలు కదా, అలవాటవ్వాలి.

జూన్ 8, శనివారం

పదకొండు ఉత్తరాలు రాశాను. ఒక్కడూ రాలేదు. తలనొప్పి.

జూన్ 10, సోమవారం

ఇవాళ్టి పట్టికలో ఆరుగురు. ఐదుగురికి పన్నెండింటికల్లా రాసి పడేశాను. ఆరోది చదువుతుంటే టీ చల్లారిపోయింది.

పేరు గొడుగు. ఆటలో మూడేళ్ళు. గెలిచిన కోటలు లేవు, చంపిన శత్రువులు లేరు. ఆ ఆటలో ఒక వంతెన మీద విషపు వాన పడుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు తెలియక అందులో తడిసి చస్తారు. ఈ మనిషి మూడేళ్ళూ ఆ వంతెన మీద నిలబడి వచ్చినవాళ్ళకల్లా గొడుగు పట్టి అవతలికి చేర్చాడట. నాలుగు వేల చిల్లర మందిని. దానికి ఆటలో పాయింట్లు కూడా ఇవ్వరు. ఎవడీ వెర్రిబాగులవాడు అనుకున్నాను.

రాక నలభై రోజులు. వేళ్ళ మీద లెక్కపెట్టాను. మే ఒకటి.

మే ఒకటిన సెలవు. ఆ రోజు చాలామంది చాలా మానేసి ఉంటారు.

సాయంత్రం తమ్ముడొచ్చాక అడగొచ్చు. కానీ మీటరు నాలుగింటికల్లా పంపమన్నాడు. పైగా ఏమని అడుగుతాను? మానేసిన వాడికి ఆట గుర్తుచెయ్యడం మంచిది కాదు. కాబట్టి అడగలేదు.

ఉత్తరం బాగా వచ్చింది. మొన్న పదకొండు రాసినప్పుడు రాని వేడి దీనికొచ్చింది. చివర్లో ఇలా రాశాను:

"వంతెన మీద వాన ఆగలేదు గొడుగూ. నువ్వు నిలబడే చోట ఎవరూ నిలబడటం లేదు. ఒకసారి ఒకమ్మాయి తడుస్తుందని గొడుగు పట్టుకొని వెళ్ళావు. ఒక్కటే తీసుకెళ్ళావు. మరి నీకో అని ఆమె అడిగితే, నేను పొట్టివాణ్ణి కదా, నా మీద తక్కువ వాన పడుతుంది అన్నావు. ఆ అమ్మాయి ఇంకా అక్కడే నిలబడి ఉంది."

ఈ చివరి ముక్క ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలియదు. కల్పన. పందొమ్మిదేళ్ళు పిల్లల కథలు రాసిన చెయ్యి, ఆ మాత్రం రాదా!

మూడు యాభైకి పంపించాను.

జూన్ 11, మంగళవారం

లోకంలో గొడుగులు ఎన్ని లేవు.

జూన్ 14, శుక్రవారం

మీటరు పొద్దున్నే ఫోను. "కంగ్రాట్స్ మేడమ్! గొడుగు వచ్చేశాడు. ఇవాళ ఒకటో రోజు. ఏం రాశారండీ బాబూ, మిగతావాళ్ళకి నమూనాగా పంపిస్తున్నాను."

పదింతలు వచ్చింది. కరెంటు బిల్లు కట్టేశాను, తమ్ముడికి రెండు చొక్కాలు కొన్నాను. షాపులో నలుగురూ చూసే చోట ఉంటాడు కదా, మంచి చొక్కాలుండాలి. వాడు చొక్కాలు చూసి "ఎందుకక్కా ఇప్పుడు" అని, తర్వాత "వచ్చాయా డబ్బులు?" అని అడిగాడు. వచ్చాయన్నాను. తల ఊపాడు. సంతోషపడ్డాడనే అనుకుంటున్నాను.

జూన్ 16, ఆదివారం

తమ్ముడు మధ్యాహ్నం గది గడియ పెట్టుకున్నాడు. వారమంతా నిలబడే పని, పడుకోనీ.

జూన్ 18, మంగళవారం

షాపు నుంచి వచ్చి తిన్నగా గదిలోకి. తలుపు కింద నుంచి నీలం వెలుగు. ఫోన్లో ఏదో చూస్తున్నాడేమో, ఈ రోజుల్లో ఎవరు చూడరు.

లోకంలో గొడుగులు ఎన్ని లేవు.

జూన్ 23, ఆదివారం

నిలకడ పట్టిక అని ఒకటి పెట్టారు. ఏ ఉత్తరానికి ఎవరొచ్చారో, ఎన్ని రోజులుగా ఉన్నారో మేమే చూసుకోవచ్చు. గొడుగు, పది. రోజుకి ఎన్ని గంటలో కూడా వేస్తారు. మొదట్లో ఒకటి, ఒకటి, ఒకటి. తర్వాత రెండు. నిన్న మూడున్నర.

రోజూ పొద్దున్న కళ్ళు తెరవగానే ఆ పట్టికే చూస్తున్నాను. అంకె పెరిగితే గుండె తేలికవుతుంది, వెంటనే బరువెక్కుతుంది. ఎందుకో తలా తోకా తెలియడం లేదు. నా ఉత్తరం పనిచేసిందనా? ఉత్తరం పనిచెయ్యడం మంచిదే కదా. నేను చేసే పనే అది.

తలనొప్పి. ఎండలు మండిపోతున్నాయి మరి.

జూన్ 29, శనివారం

పదహారు. నాలుగు గంటలు.

అన్నం దగ్గర వాడితో "షాపులో ఎలా ఉందిరా" అన్నాను. "బానే ఉంది" అన్నాడు. "కళ్ళు ఎర్రగా ఉన్నాయేం" అన్నాను. "అద్దాల పొడి" అన్నాడు. అద్దాల పొడి కళ్ళలో పడుతుందనే అనుకుంటాను.

అడగొచ్చు. అడిగితే అవునంటాడేమోనని నాకు భయం.

జూలై 2, మంగళవారం

పందొమ్మిది.

జూలై 8, సోమవారం

షాపాయన ఫోన్ చేశాడు. నా నంబరు తమ్ముడు చేరేటప్పుడు రాసిచ్చిన కాగితంలో ఉందట.

"అమ్మా, మీ తమ్ముడు మంచి పిల్లాడే. నేను కాదనను. కానీ ఈ నెల్లో నాలుగుసార్లు ఆలస్యంగా వచ్చాడు. భోజనానికని వెళ్ళి గంటన్నరకి వస్తున్నాడు. దానికీ సర్దుకుందును. మొన్న ఒక టీచరుగారు కళ్ళజోడు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. పెట్టుకుంటే తల పగిలిపోతోందట. చూస్తే ఎడమ అద్దం తిరిగి ఉంది. ఫ్రేములో కొలత గీతలు రెండు పక్కకి బిగించాడు. ఈ వారం ఇంట్లో కూర్చుని ఆలోచించుకోమన్నాను. వచ్చే సోమవారం మనిషిగా వస్తే సరే. లేకపోతే నా వల్ల కాదమ్మా, కళ్ళతో వ్యవహారం."

ఫోను పెట్టేశాక నా కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాను. నుదురు రుద్దుకున్నాను. నాది ఎండ వల్ల.

పట్టికలో ఇరవై ఐదు. ఆరు గంటలు.

జూలై 9, మంగళవారం

కంచే చేను మేసింది. ఇంకో మాట లేదు.

పొద్దున పదింటికి వాడి తలుపు కొట్టాను. గడియ తీశాడు. ఫోను మంచం మీద వెలుగుతోంది, బొమ్మలో వంతెన, వాన. దాచలేదు.

"నువ్వేనా గొడుగు?"

"నీకు తెలీదా?"

"నాకెలా తెలుస్తుందిరా? నువ్వెప్పుడైనా చెప్పావా?"

వాడు నా వైపు అదోలా చూశాడు. కోపం లేదు, అదే భరించలేకపోయాను. "అక్కా, 'పొట్టివాణ్ణి, నా మీద తక్కువ వాన పడుతుంది' అన్న మాట నీకూ నాకూ తప్ప ఈ భూమ్మీద ఎవరికి తెలుసు? నాకప్పుడు ఏడేళ్ళు. నువ్వు పత్రికాఫీసు నుంచి వస్తున్నావు. బస్టాపులో చెప్పాను ఆ మాట."

"అది... రాస్తుంటే వచ్చేసింది."

"సరే. ఉత్తరం చూడగానే నువ్వే అని తెలిసింది. నన్ను రమ్మంటున్నావనుకున్నాను."

"నేనెందుకు రమ్మంటాన్రా నిన్ను! మూడేళ్ళు నీ గది బయట కంచం పట్టుకొని నిలబడ్డ మనిషిని!"

"మూడు నెలల అద్దె అన్నావుగా. అన్నం తింటూ చెప్పావు. రోజుకో గంట, ముప్పై రోజులు. అంతే కదా అనుకున్నా. నువ్వు నోరు తెరిచి అడగలేక అలా రాశావనుకున్నా."

మంచం అంచున కూర్చున్నాను. "గంట చాలు కదరా. మరి ఆరు గంటలెందుకు?"

"ఒక గంట నీ కోసం," అన్నాడు. "మిగతా ఐదూ... ఏమో. నాకూ అర్థం కావట్లేదు."

నిజం చెబుతున్నాడా, ఆడుకోవడానికి నన్ను సాకు చేసుకున్నాడా? వాడి మొహంలో వెతికాను. వాడూ నా మొహంలో అదే వెతుకుతున్నట్టున్నాడు, నేను తెలిసి రాశానా తెలియక రాశానా అని. "తెలియక రాశాన్రా" అన్నాను మళ్ళీ. "సరే" అన్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, వాడు అడగకుండానే రెండుసార్లు చెప్పాను.

జూలై 10, బుధవారం

నిజంగానే తెలియక రాశాను.

జూలై 11, గురువారం

రేట్ల కాగితం మొదటిసారి ఆఖరి దాకా చదివాను. తొమ్మిదో నియమం: బంధువులకు పిలుపు ఉత్తరం రాయరాదు. రాసినట్టు తెలిస్తే రాసినవారే చెప్పాలి. చెబితే బోనస్ రద్దు, పిలిచిన మనిషి ఆట ఖాతా శాశ్వతంగా మూత. మళ్ళీ తెరవరు.

శాశ్వతంగా. మూడుసార్లు చదివాను. మేం పిలిచేవాళ్ళమే గానీ పొమ్మని చెప్పే దారి ఆ గుడారంలో ఇదొక్కటే ఉంది.

మీటరుకి ఫోన్ చేశాను. పాపం, మొదటిసారి అంకె లేకుండా "అయ్యో" అన్నాడు. తర్వాత మామూలే. "మేడమ్, ఇవాళ ఇరవై ఎనిమిది. శనివారానికి ముప్పై. ఒక్క రెండు రోజులు ఆగి ఆదివారం చెప్పండి. డబ్బులు పడిపోతాయి. నేనేం వినలేదు."

"డబ్బు పడ్డాక చెబితే తిరిగి తీసుకోరా?"

"తీసుకునే రూలు ఇంకా రాయలేదు మేడమ్."

జూలై 12, శుక్రవారం

ఈసారి అడిగాను. వాణ్ణి వంటింట్లో కూర్చోబెట్టి, ఆ నియమం కింద ఒప్పుకోవడానికి ఉన్న ఫారం ఫోన్లో చూపించి, మొత్తం చెప్పాను. వాడి మూడేళ్ళూ, నాలుగు వేల మందీ, వంతెనా అన్నీ పోతాయని కూడా చెప్పాను.

గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. "రేపటి దాకా ఆగితే డబ్బులొస్తాయి కదా."

"వస్తాయి."

"ఎల్లుండి నుంచి నేను మానేస్తానని నీకు నమ్మకముందా?"

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. "లేదురా" అన్నాను.

"నాకూ లేదు. నొక్కెయ్."

లేచి మేడ మీదికి వెళ్ళిపోయాడు. ఒక్కదాన్నే ఫారం ముందు కూర్చున్నాను. సంబంధం అన్నచోట 'తమ్ముడు' అని రాశాను. దాని కింద ఇంకో గడి ఉంది, నిన్న చూడలేదు. బంధువని ఎప్పుడు తెలిసింది? ఉత్తరం రాయకముందు, రాసిన తర్వాత. రెండిట్లో ఒకటి నొక్కాలి. మీటరుకే మళ్ళీ ఫోన్ చేశాను.

"తర్వాత అని నొక్కండి మేడమ్. బోనస్ ఒక్కటే పోతుంది, మీ పని ఉంటుంది. ముందే అంటే మిమ్మల్ని కూడా తీసేస్తారు. తర్వాతే కదా తెలిసింది?"

"తర్వాతే" అనబోయి, ఆగమని ఫోను పెట్టేశాను.

ఈ డైరీ తీసి జూన్ పది చదివాను. వేళ్ళ మీద లెక్కపెట్టాను అని ఉంది. సాయంత్రం అడగొచ్చు అని ఉంది. అడగలేదు అనీ ఉంది. దాని కింద, కల్పన అని. నా చేతిరాతే. లోకంలో గొడుగులు ఎన్ని లేవు అని రెండుసార్లు రాసుకున్న మనిషికి ఏ గొడుగో తెలియకపోవడమేమిటి? తెలుసు. మే ఒకటి అని లెక్క తేలిన క్షణంలోనే తెలుసు. ఉత్తరం బాగా వస్తోందని ఆపలేదు. మొన్నటి పదకొండు మందీ రాలేదని, ఈ ఒక్కడైనా వస్తాడని ఆపలేదు. వాడొస్తాడని నాకు తెలుసు. ఏం రాస్తే వస్తాడో కూడా నాకు తెలుసు.

'ముందే' అన్న గడి నొక్కాను.

జూలై 13, శనివారం

పట్టికలో గొడుగు లేడు. నా పేరూ లేదు. మీటరు ఒక మెసేజ్ పెట్టాడు: "మీ ఉత్తరాన్ని నమూనాల్లోంచి తీసేశాం మేడమ్. నాకైతే బాధగా ఉంది."

మధ్యాహ్నం వాడి గది తలుపు తెరిచే ఉంది. గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎవరో పోయిన ఇల్లులా ఉంది. భోజనానికి పిలిస్తే రాలేదు. పక్కన కూర్చుని, "ముందే తెలుసురా నాకు" అన్నాను. "నాకూ తెలుసు నీకు తెలుసని" అన్నాడు గోడతోనే.

నేను ఏడ్చాను. వాడు ఏడ్చాడో లేదో కనిపించలేదు.

జూలై 14, ఆదివారం

వాడు మాట్లాడలేదు. రెండుసార్లు ఫోను చేతిలోకి తీసుకుని పెట్టేశాడు.

జూలై 15, సోమవారం

ఏడున్నరకి స్నానం చేసి, జూన్‌లో నేను కొన్న చొక్కా వేసుకుని బయటికొచ్చాడు. వెళ్తున్నాడో లేదో అడగడానికి నాకు నోరు రాలేదు. చెప్పుల దగ్గర నిలబడి అటూ ఇటూ చూస్తున్నాడు.

అప్పుడు చెప్పాను. అదెందుకు అప్పుడే వచ్చిందో తెలియదు. "ఒరేయ్, ఈ కళ్ళజోడు ఎడమ అద్దం తిరిగి ఉంది."

వెనక్కి తిరిగాడు. "ఏంటి?"

"తిరిగి ఉందిరా. పెట్టుకున్న రోజు నుంచి తలనొప్పి."

"నలభై రోజులైంది! మరి అద్భుతం అన్నావు?"

"నీ మొహం చూసి అన్నాను."

"అప్పుడే చెప్పుంటే నాకు తెలిసేది కదక్కా! ఫ్రేము ఎటునుంచి పట్టుకుని చూస్తున్నానో అదే తప్పు! టీచరుగారిదీ అలాగే బిగించుంటాను. నేనేమో ఆట వల్ల చేశానని..." అని అరుస్తూనే వచ్చి నా మొహం మీంచి కళ్ళజోడు లాక్కున్నాడు. కిటికీ దగ్గర వెలుగులో పెట్టి, ఒక కన్ను మూసి, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "రెండు గీతలు కాదు, మూడు. ఎలా భరించావే!"

రెండు రోజుల తర్వాత వాడి గొంతు విన్నాను, అదీ తిట్టడానికి. ఎంత హాయిగా ఉందో.

కళ్ళజోడు చొక్కా జేబులో పెట్టుకుని, "ఆరింటికల్లా సరిచేసి తెస్తాను" అని గబగబా మెట్లు దిగి వెళ్ళిపోయాడు. షాపాయన రానిస్తాడో లేదో. పని నాకు లేదు, వాడికి ఉంటుందో ఉండదో తెలియదు. వాడు షాపుకే వెళ్ళాడో లేదో కూడా నాకు తెలియదు.

ఇదంతా పెద్ద పెద్ద అక్షరాలతో రాస్తున్నాను, గీతలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. సొరుగులో పాత కళ్ళజోడు ఉంది. తీసి పెట్టుకోవచ్చు. పెట్టుకోలేదు. ఆరింటికల్లా తెస్తానన్నాడు.